ఉప్పెన గీతకి వైద్యం

ఆ రోజుల్లో పాత గోడ కనిపిస్తే చాలు, దానికేదో జబ్బు ఉండే ఉంటుందనీ, దాన్ని నయం చెయ్యడానికే నేను పుట్టాననీ నాకు గట్టి నమ్మకం. ఇప్పుడు యాభై దగ్గరపడ్డాక వెనక్కి తిరిగి చూసుకుంటే, ఆ గోడల్లో చాలావాటికి ఏ జబ్బూ లేదు, నేను వెళ్ళడం ఒక్కటే వాటికొచ్చిన కష్టం. మా విశ్వవిద్యాలయం విజయవాడకి దిగువన, కాలవ గట్టు పక్కనే ఉండేది. చుట్టుపక్కల ఏ పొలంలో నాగలి కాస్త లోతుగా దిగినా ఒక పాత ఇటుక పైకొచ్చే ప్రాంతం అది. అందుకే కాబోలు, పాత కట్టడాల సంరక్షణ అని అక్కడ ఒక కోర్సు పెట్టారు. చేరినవాళ్ళం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. నేను ఇష్టపడి చేరానని ఈమధ్య సభల్లో చెబుతుంటాను గాని (నలుగురిలో అలాగే చెప్పాలి), ఇంజనీరింగులో సీటు రాక చేరాను. మాది ఉయ్యూరు, చెరుకు పండించే ఇల్లు. కొడుకు గోడల చదువు చదువుతున్నాడని మా నాన్న బయట ఎక్కడా చెప్పుకునేవాడు కాదు. మా బాబాయి మాత్రం ఒకసారి పదిమందిలో అడిగాడు, "ఇంతకీ ఏం నేర్పుతార్రా అక్కడ?" అని. "పాత కట్టడాలు కాపాడ్డం బాబాయ్" అన్నాను. "మంచిదే. మా గొడ్ల చావిడి గోడ ఒరిగింది, ఆదివారం వచ్చి కాపాడిపో" అన్నాడు. వెళ్ళాను కూడా. గోడని కాపాడలేకపోయాను గాని, పేడ ఎత్తి వచ్చాను.

ఇదంతా ఇప్పుడు ఎందుకు రాస్తున్నానంటే, సముద్రానికి దగ్గరగా ఉన్న ఒక ఊరి ప్రార్థన మందిరంలో గోడ మీద ఒక గీత ఉంది. దాని పక్కన ఒక బోర్డు ఉంది. "ఉప్పెన నాటి నీటిమట్టం, శాస్త్రీయ పద్ధతిలో నిర్ధారించినది" అని రాసి, దాన్ని నిర్ధారించిన ఘనత మా కోర్సు పాత విద్యార్థులకి కట్టబెట్టారు. ఆ పాత విద్యార్థుల్లో నేనొకణ్ణి. ఆ ఘనతకి మా డిపార్టుమెంటు వాళ్ళు పిలిచి శాలువా కప్పితే కప్పించుకుని, ఫొటో దిగి, భోజనం చేసి వచ్చాను. ఆ గీత సంగతి అసలేమిటో ఇన్నాళ్ళూ చెప్పలేదు. ఆ బోర్డులో ఉన్న శాస్త్రం నేనే గనక, దాని గురించి నిజం చెప్పాల్సిందీ నేనే.

మాకు పాఠం చెప్పిన ఆయన్ని సున్నం మాస్టారు అనేవాళ్ళం. సిమెంటు పేరెత్తితే ముఖం తిప్పుకునేవారు. సున్నం గురించి మాట్లాడేటప్పుడు మాత్రం కూతురి గురించి మాట్లాడే తండ్రిలా మెత్తబడిపోయేవారు. ఆయన నేర్పిన మొదటి మాట ఒకటే, "ముందు మనిషినడుగు, తరవాత గోడని ముట్టుకో." మేమది పరీక్షలో చక్కగా రాసి మార్కులు తెచ్చుకున్నాం. రెండో ఏడు, వరి పండుబారే రోజుల్లో, నన్నూ నా స్నేహితుణ్ణీ ఆ మందిరానికి పంపారు. ఆ స్నేహితుణ్ణి గొట్టంగాడు అనేవాళ్ళం. మేస్త్రీలు మట్టం చూసుకునే పొడుగాటి నీటి గొట్టం ఒకటి ఎప్పుడూ మెడలో వేసుకుని తిరిగేవాడు. రెండు చివర్లా నీళ్ళు ఒకే ఎత్తులో నిలబడతాయి గనక దానితో గది చుట్టూ మట్టం పట్టొచ్చు. మాకిచ్చిన పని కొలవడం, బొమ్మ గీయడం, అంతే. మమ్మల్ని దింపి విజయవాడ తిరిగి వెళుతూ మాస్టారు చెప్పారు, "నేనొచ్చేదాకా కొలవండి, గీయండి, ఎవరన్నా కనిపిస్తే కూర్చుని కబుర్లు చెప్పండి. గోడ జోలికి మాత్రం వెళ్ళకండి."

మందిరం చిన్నది. బంగళా పెంకుల కప్పు, మూర మందం గోడలు, మనిషెక్కి కూర్చునేంత వెడల్పు గట్లున్న కిటికీలు, వాటికి ఇనప ఊచలు. పాస్టరుగారు నాలుగైదు ఊళ్ళు చూసుకునే మనిషి, ఆదివారం తప్ప రారు. తాళం ఒక మామ్మ దగ్గర ఉండేది. మేమూ తాళం మామ్మ అనే అన్నాం. పల్చటి మనిషి, మాట తక్కువ. అవనిగడ్డలో పెద్దకొడుకు ఇంటికి వెళుతూ తాళంచెవి మా చేతిలో పెట్టి, "బెంచీలు ఈడ్చమాకండి బాబూ, కాళ్ళూడిపోతాయి. కోళ్ళు దూరతాయి, తలుపు దగ్గరికెయ్యండి. గంట తాడు లాగితే ఊరంతా పరిగెత్తుకొస్తారు, లాగమాకండి" అని అన్ని జాగ్రత్తలూ చెప్పింది. గీత గురించి ఒక్క ముక్క చెప్పలేదు. సూర్యుణ్ణి ఆర్పెయ్యకండి అని ఎవరన్నా చెప్పి వెళతారా.

లోపల నాలుగు గోడల మీదా, సరిగ్గా నా చెవి ఎత్తున, బెత్తెడు వెడల్పున మాసిన పట్టీ ఒకటి చుట్టూ తిరిగి ఉంది. దాని పైనా కిందా గోడ తెల్లగా, ఏళ్ళ తరబడి వేసిన సున్నంతో మందంగా ఉంది. ఆ పట్టీలో మాత్రం సున్నం లేదు, గోడ కాస్త లోపలికి పోయినట్టు బూడిదరంగులో కనిపిస్తోంది. ఆ వారమే మాకు చెమ్మ పాఠం అయింది. నేలలో ఉప్పునీరు గోడలోకి ఎలా ఎగబాకుతుందో, ఎక్కడ ఆగిపోతుందో అక్కడ ఉప్పు మచ్చ ఎలా మిగులుతుందో మాస్టారు బొమ్మ వేసి చూపించారు. నేను ఆ పట్టీ ముందు నిలబడి, నాడి చూసిన వైద్యుడిలా తల పంకించాను. "చెమ్మ గీతరా ఇది. సముద్రం దగ్గర కదా, ముదిరిపోయింది" అన్నాను. గొట్టంగాడు కాస్త అనుమానపడ్డాడు. "ఎవర్నన్నా అడుగుదామా?" అన్నాడు. "జబ్బేంటో రోగినడుగుతార్రా?" అన్నాను. ఆ మాట అప్పుడు నాకే భలే నచ్చింది. (నేల చెమ్మ ఎప్పుడూ ఎగుడుదిగుడుగానే పాకుతుంది. నాలుగు గోడల మీదా తాడు పట్టినట్టు ఒకే మట్టంలో గీత పడాలంటే అక్కడ నీళ్ళు నిలబడి ఉండాలి. ఈ ముక్క గొట్టంగాడి మెడలో ఉన్న గొట్టానికి కూడా తెలుసు. మాకు తట్టలేదు.)

వైద్యం మొదలుపెట్టే ముందు రోగి ఫొటో తియ్యాలి కదా. అరువు కెమెరా రీలులో ఒకే ఒక్క బొమ్మ మిగిలింది. ముందే అన్నీ ఊచలకీ, పెంకులకీ, ఒక కొంగకీ ఖర్చుపెట్టేశాం. గోడ ముందు నేను చేతులు కట్టుకుని నిలబడ్డాను, వాడు నొక్కాడు. తరవాత పాత పేపర్లు డ్రమ్ములో నానబెట్టి, బంకమట్టి కలిపి, కాళ్ళతో తొక్కి, ఆ ముద్దని గీత పొడుగునా గోడకి పట్టించాం. ఉప్పుని పీల్చడానికి వేసే పట్టు అది. చేలోంచి సైకిలు మీద వెళుతున్న ఎవరో పొరుగూరాయన గుమ్మంలోంచి తొంగిచూసి, "ఏవండీ, గోడకి దెబ్బ తగిలిందా, కట్టు కట్టారు?" అన్నాడు. "జొరమండి, ఉప్పు జొరం" అన్నాడు గొట్టంగాడు. "అయితే పత్తెం పెట్టండి" అని ఆయన నవ్వుకుంటూ వెళ్ళిపోయాడు. ముద్ద ఆరాక ఊడదీసి, కింద మిగిలిన మురికి గీకి, నేనే స్వయంగా నీళ్ళు పోసి విరగబెట్టిన సున్నంతో గది మొత్తం మూడు పూతలు వేశాం. గోడ పాలమీగడలా వచ్చింది. అంత అందమైన పని నేను మళ్ళీ జీవితంలో చెయ్యలేదు.

మామ్మ తిరిగొచ్చిన పొద్దున్న మేం గుమ్మంలోనే ఉన్నాం, మెచ్చుకుంటుందని. ఆమె లోపలికి రెండడుగులు వేసి ఆగిపోయింది. చీపురు చేతిలోనే ఉంది.

"గీతేది బాబూ?"

"ఏ గీతండీ?"

"మా గీత."

"అది చెమ్మ మామ్మగారూ, తీసేశాం. ఇంక జన్మలో రాదు" అన్నాను, ఎంతో హుషారుగా.

ఆమె వెళ్ళి కిటికీ గోడని అరచేత్తో ఒకసారి తడిమింది. తడి సున్నం అంటుకుంటే ఆ చేతిని కాసేపు చూసుకుని, చీపురు బెంచీ మీద పెట్టి కూర్చుంది. ఊడవలేదు. తిడితే బావుండునని జీవితంలో మొదటిసారి నాకనిపించింది అప్పుడే.

మధ్యాహ్నానికి పాస్టరుగారికి కబురెళ్ళింది. ఆయనే మాకు విడమర్చి చెప్పారు. సముద్రం ఊళ్ళ మీదికొచ్చిన ఆ రాత్రి, మాలపల్లె వాళ్ళూ పెద్దూరి రైతులూ అని లేకుండా దొరికినవాళ్ళు దొరికినట్టు ఈ మందిరంలోకే చేరారు. తెల్లారి నీళ్ళు తీశాక గోడ మీద ఒక బురద చార మిగిలింది. క్రిస్మసుకి ముందు గోడలకి సున్నం వేసేటప్పుడు ఆ చారని కప్పడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. దాన్ని వదిలేసి పైనా కిందా వేశారు. మరుసటేడూ అంతే. అలా ఏటేటా వదిలేస్తూ వచ్చిన పట్టీ అది. ఉప్పెన రోజు వచ్చినప్పుడు జ్ఞాపకార్థ కూడిక పెట్టి, ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి ఆ గీత మీద చెయ్యి ఆనిస్తారు. పోయినవాళ్ళలో చాలామందికి సమాధులు లేవు. చెయ్యి పెట్టడానికి ఉన్నది అదొక్కటే.

"కూడిక ఎప్పుడండీ?" అని గొట్టంగాడు నెమ్మదిగా అడిగాడు.

"ఎల్లుండి" అన్నారాయన.

మాస్టారు మర్నాడు పొద్దున్నే బస్సు దిగారు. మమ్మల్ని దాటుకుని లోపలికి వెళ్ళారు. మందిరం నిండా జనం ఉన్నారు, వాళ్ళ ముందు నిలబడి చేతులు జోడించి, "పిల్లలు చేసింది నేను చేసినట్టే. క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు" అన్నారు. తరవాత గొట్టంగాడి మెడలోంచి గొట్టం తీసుకుని, "ఒక్కచోట ఎంత ఎత్తో చెప్పండి చాలు. అక్కణ్ణించి గది చుట్టూ మట్టం మేం పట్టేస్తాం" అన్నారు. ఆ ఒక్కచోటే దొరకలేదు. కొలత పుస్తకంలో నేను గుమ్మాలు, ఊచలు, పెంకులు కూడా కొలిచి రాశాను. గీతని కొలవలేదు, జబ్బుని ఎవరు కొలుస్తారని. చెవి ఎత్తున ఉండేదని నాకు గుర్తే. గోడ దగ్గర నిలబడి చెప్పబోతే ఒక పెద్దాయన, "నువ్వాగవయ్యా. నీ చెవులు మాకొద్దు" అన్నాడు. ఆగాను. ఆ తరవాత నా చెవుల్ని నేనే నమ్మలేదు.

"నాకు గొంతు దాకా వచ్చినయ్యండి" అని ఒక బలమైన మనిషి ముందుకొచ్చి గోడకి ఆనుకున్నాడు.

"నీకప్పుడు పదేళ్ళురా. ఇప్పటి గొంతు చూపిస్తే ఎట్టా?" అంది వాళ్ళక్క.

"అయితే ఒంగుంటా" అని ఆయన మోకాళ్ళు వంచాడు. పదేళ్ళ ఎత్తు ఎంతో తెలియక ఇంకాస్త వంచాడు, ఇంకాస్త. వెనక కొందరు నవ్వారు. నవ్వుతూనే ఆగిపోయారు. అంత చిన్నవాడు ఆ నీళ్ళలో నిలబడ్డాడని అప్పుడే కళ్ళకి కనిపించినట్టుంది.

"నువ్వు బెంచీ ఎక్కావు గదంట్రా," అన్నారెవరో.

"ఎక్కానా? ఏమో." ఆయన లేచి పక్కకెళ్ళిపోయాడు.

దూలమెక్కి బతికిన రైతు ఒకాయన, "నన్నడక్కండి. కిందంతా చీకటి. నీళ్ళు కనపళ్ళా, వినపడినయ్ అంతే" అన్నాడు. ఒకరి మాటకీ ఇంకొకరి మాటకీ పొత్తు కుదరలేదు. ఒక్కొక్కరి ఉప్పెన ఒక్కో ఎత్తున ఉంది. మాటలు పెరుగుతున్నాయి. అప్పుడు మామ్మ బెంచీ మీంచి లేచింది. చెప్పులు విప్పింది. కిటికీ దగ్గరికి వెళ్ళి, పాస్టరుగారి భుజం పట్టుకుని, గట్టు మీదికెక్కి, ఎడంచేత్తో ఊచ పట్టుకుని మా వైపు తిరిగి నిలబడింది. కుడిచెయ్యి, చంకలో బిడ్డని పట్టుకునేటట్టు, కాసేపు అలాగే ఉంచింది. ఆ చెయ్యి తీసి, తన పక్కన గోడ మీద, నడుముకి కాస్త పైన పెట్టింది.

"ఇక్కడ," అంది.

ఎవరూ కాదనలేదు. మాస్టారు సీసపుకడ్డీతో గుర్తు పెట్టారు. గొట్టంగాడూ నేనూ చెరో చివరా పట్టుకుని గది చుట్టూ మట్టం దించాం, బెత్తెడు వెడల్పున నా పాలమీగడ సున్నం గీకేశాం. మర్నాడు కూడిక జరిగింది. పెద్దూరి రైతులు కూడా వచ్చి చెప్పులు బయట వదిలి లోపల కూర్చున్నారు. ప్రార్థన అయ్యాక మొదట మామ్మ వెళ్ళి గీత మీద చెయ్యి ఆనించింది. ఆ వెనక అందరూ. నేను తలుపు దగ్గర నిలబడి చూశాను. చాలామంది చేతులు ముందు కాస్త పైకి వెళ్ళి, అక్కడ తెల్లగోడ తగిలి, నెమ్మదిగా కిందికి దిగి గీతని చేరుకున్నాయి. అలవాటు తప్పింది కదా, అందుకేమో అనుకున్నాను.

కొన్నాళ్ళకి గవర్నరుపేటలో ఒక స్టూడియోలో రీలు కడిగించాం. కొంగ బాగా వచ్చింది. ఆఖరి బొమ్మలో నేను, చేతులు కట్టుకుని, గడ్డం పైకెత్తి, గీతకి అడ్డంగా. ఒక చెవి వెనక దూరి రెండో చెవి వెనక తేలింది గీత. మేం గీకిన కొత్త గీత నా భుజం దగ్గరుంటుంది. జానెడు తేడా. ఫొటో మాస్టారి ముందు పెట్టాను. ఆయన చాలాసేపు చూసి తిరిగి ఇచ్చేస్తూ, "ఈసారన్నా ముందు మనిషినడుగు" అన్నారు.

అవనిగడ్డ దాకా ఒక బస్సు, అక్కణ్ణించి ఇంకో బస్సు. మామ్మ మందిరం మెట్ల మీద చింతపండు గింజ తీస్తోంది. ఫొటో ఇచ్చాను. కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నువ్వే. సన్నగా ఉండావు" అంది.

"గీత చూడండి మామ్మగారూ. మనం జానెడు కిందికి పెట్టేశాం. మీరు చెబితే మళ్ళీ పైకి..."

"తెలుసు బాబూ."

నాకు అర్థం కాలేదు. ఆమె గింజ తీస్తూనే చెప్పింది. "ఆ కిటికీలో నేనుండా. పెద్దోడు మెడమీద. చిన్నది చంకలో. ఒక చెయ్యి ఊచకి పోయింది, వదిలితే ముగ్గురం పోతాం. నీళ్ళు నా రొమ్ముల దాకా వచ్చినయ్. దాన్ని పైకెత్తడానికి ఇంకో చెయ్యి లేదు." తీసిన గింజ పక్కన పడేసింది. "ఒక్క జానెడు తగ్గుంటే దాని మొహం బయటుండేది. నేను ఆ గీత ఎన్నేళ్ళు చూశాను బాబూ, ప్రతి ఆదివారం. మీరు తుడిచేశారు. ఎంతో చెప్పమని అందరూ నన్నే చూశారు. దేవుడు తగ్గించలా. నేను తగ్గించా."

ఆమె చింతపండు పళ్ళెం నా వైపు కాస్త జరిపింది. నేనూ గింజ తీశాను. చాలాసేపటికి, "ఊళ్ళో వాళ్ళకి తెలుసా?" అని అడిగాను.

"చేతులకి తెలీదా? ఎవరూ అడగలా." లేచేటప్పుడు ఫొటో నాకే ఇచ్చేసి, "నే ఉన్నన్నాళ్ళూ చెప్పమాక. పోయాక నీ ఇష్టం" అంది.

ఆమె పోయి కొంతకాలమైంది. ఈమధ్య మా డిపార్టుమెంటులో చదివే ఒక అమ్మాయి ఫోను చేసింది. చుట్టుపక్కల ఊళ్ళలో మిగిలిన ఉప్పెన గుర్తులన్నీ కొలుస్తోందట. "సార్, మీ గీత ఒక్కటే మిగతా వాటితో కలవట్లేదండీ. జానెడు తక్కువొస్తోంది. పైకి జరిపి సరిచేద్దామంటున్నారు మావాళ్ళు. మీరు పట్టిన పద్ధతేంటో చెబుతారా?" అంది. పద్ధతి. ఆ అమ్మాయికి ఫోనులో చెప్పలేక, రాసి పంపుతానన్నాను. అదే ఇది.

కాబట్టి, అమ్మా, ఆ గదిలో నీళ్ళు ఆ గీతకి జానెడు పైదాకా వచ్చాయి. నీ కొలత సరైనదే. నీ పుస్తకంలో అలాగే రాసుకో. ఆ గుర్తు చెరిపింది నేను. శాస్త్రీయ పద్ధతి ఏదీ లేదు, శాలువా అనవసరంగా కప్పారు. బోర్డు మార్చండి, ఈ కథ అంతా రాయక్కర్లేదు, ఆ ఊరివాళ్ళే ఏం రాయాలో చెబుతారు, వాళ్ళనడగండి. గీతని మాత్రం ముట్టుకోకండి. ఇప్పటికీ క్రిస్మసు ముందు సున్నం వేసే కుర్రాళ్ళు దాన్ని తప్పించి పైనా కిందా వేస్తున్నారు. చుట్టూ సున్నం మందమై, పట్టీ మళ్ళీ లోపలికి పోయింది.

ఆ ఫొటో నా బల్ల మీదే ఉంటుంది. నలిగిన చొక్కా, మోచేతి దాకా సున్నం, తనని మించిన వైద్యుడు లేడన్న మొహం. చూడాల్సిన దానికి సరిగ్గా అడ్డంగా నిలబడ్డాడు. రోజూ పనిలోకి కూర్చునే ముందు వాణ్ణి చూస్తే నవ్వొస్తుంది, మామ్మ అన్నట్టు సన్నగానే ఉన్నాడు. "కాస్త పక్కకి జరుగు నాయనా" అంటాను. జరగడు.